ఏనుగు ఒక్కటే



అర్ధరాత్రి దాటాక ఇంట్లో ఫోను మోగితే గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు తెలుసు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లవాళ్లకు ఇంకా బాగా తెలుసు. మంచం మీంచి లేచి ఫోను అందుకునేలోపు మనసు రెండు వైపులకీ పరుగెడుతుంది. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికేమో, కోడలికి పురుడొచ్చిందేమో అని ఒక వైపు. ఏదైనా ప్రమాదమేమో అని ఇంకో వైపు. ఫోను ఒక్కటే, ఆ మోతా ఒక్కటే. ఆశ అందులోనే ఉంది, భయమూ అందులోనే ఉంది. అవతలి గొంతు వినపడేదాకా ఏది ఏదో విడదీయలేం.

టిబెట్ బౌద్ధులు ఈ రెండిటినీ కలిపి ఒకే మాటగా పలుకుతారు. 'రే-దోక్' అంటారు. 'రే' అంటే ఆశ, 'దోక్' అంటే శంక, భయం. మనం కష్టసుఖాలు అన్నట్టు, మంచీచెడూ అన్నట్టు వాళ్లు ఆశనీ భయాన్నీ జంటపదం చేసుకున్నారు. ఒకటి గుమ్మంలోకి వచ్చిందంటే రెండోది దాని వెనకే నిలబడి ఉంటుందని ఆ పలుకుబడి చెబుతోంది. ఇవాళ ఆ జంట గురించి మాట్లాడదామని వచ్చాను.

ఆ జంటను ఎదుర్కోవడానికి బౌద్ధులు తరతరాలుగా రెండు సాధనాలు వాడుతున్నారు. ఒకటి కళ్లు మూసుకుని చేసే ధ్యానం. రెండోది కళ్లు తెరిచి చూసే బొమ్మ. రాతి మీద చెక్కినదైనా, గుడ్డ మీద గీసినదైనా, ఇసుకతో పోసినదైనా సరే. ఈ రెండూ మనకు నేర్పేది ఒకే పాఠం అని నా నమ్మకం. ఆ పాఠం చెప్పడానికి మిమ్మల్ని కృష్ణ ఒడ్డున చెక్కిన ఒక రాతి ముందుకు తీసుకెళ్తాను. దారిలో ముందు ఒక ఉత్తరం, తర్వాత ఒక అడవి తగులుతాయి.

ఉత్తరం ఆచార్య నాగార్జునుడిది. ఒక శాతవాహన రాజుకు స్నేహితుడిగా రాసినది. పేరు 'సుహృల్లేఖ'. దాని సంస్కృత మూలం మనకు మిగల్లేదు. టిబెటన్, చైనీసు అనువాదాల్లో బతికింది. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, ఇక్కడ చదువు మొదలుపెట్టినవాళ్లు ఈ లేఖను తొలినాళ్లలోనే కంఠస్థం చేస్తారని రాశాడు. అందులో నాగార్జునుడు రాజుకు ఎనిమిది లోకధర్మాలను గుర్తుచేస్తాడు. లాభం, నష్టం. సుఖం, దుఃఖం. కీర్తి, అపకీర్తి. పొగడ్త, తెగడ్త. మొత్తం నాలుగు జంటలు. ప్రతి జంటలోనూ మొదటిది మన ఆశ, రెండోది మన భయం. మన గాభరాలన్నీ తీసి ఈ ఎనిమిది అరల్లో సర్దవచ్చు. కూతురి ర్యాంకు కీర్తి అరలోకి పోతుంది. పత్తి ధర లాభనష్టాల్లోకి పోతుంది. పెళ్లిలో బంధువులు ఏమంటారోనన్న బెంగ తెగడ్త అరలోకి పోతుంది. డాక్టరు రాసిన రక్తపరీక్ష సుఖదుఃఖాల్లోకి.

ఈ ఎనిమిదింటినీ సమంగా చూడమని నాగార్జునుడి సలహా. వినడానికి బాగుంది. కానీ చేతిలో రిపోర్టు కవరు పట్టుకుని ఆసుపత్రి వరండాలో నిలబడ్డవాడికి 'సమంగా చూడు' అంటే ఏం పనికొస్తుంది? ఎలా చూడాలో ఎవరైనా చెయ్యి పట్టుకుని చూపించాలి. అందుకే అడవి దగ్గరికి వెళ్దాం.

పాలి వాఙ్మయంలో మజ్ఝిమనికాయం అని బుద్ధుడి ఉపదేశాల సంపుటి ఉంది. అందులో నాలుగోది 'భయభేరవ సుత్తం'. జాణుస్సోణి అనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి అడుగుతాడు, అడవిలో ఒంటరిగా ఉండటం చాలా కష్టం కదా, మనసు చెదిరిపోదా అని. బుద్ధుడు అవునంటాడు. తనకింకా జ్ఞానం కలగని రోజుల్లో తనకూ అలాగే అనిపించేదని దాచకుండా ఒప్పుకుంటాడు. తర్వాత తాను ఏం చేశాడో చెబుతాడు. అష్టమి, చతుర్దశి, పక్షం చివరి పదిహేనో రాత్రి. జనం భయపడే తిథులు ఏరుకుని, జనం భయపడే చోట్లకే వెళ్లాడు. వనాల్లో చెట్ల కింద ఉండే చైత్యాల దగ్గర, చూస్తేనే ఒళ్లు జలదరించే తావుల్లో కూర్చున్నాడు. ఒక జింక అటుగా వచ్చేది. నెమలి ఎక్కడో ఎండుపుల్ల విరిచేది. గాలికి రాలిన ఆకులు గలగలమనేవి. భయం వచ్చేది.

అప్పుడు ఆయన చేసింది ఒక్కటే. నడుస్తున్నప్పుడు భయం వస్తే నడుస్తూనే ఉన్నాడు. ఆ భయం తగ్గేదాకా ఆగలేదు, కూర్చోలేదు, పడుకోలేదు. కూర్చున్నప్పుడు వస్తే కూర్చునే ఉన్నాడు. అది సర్దుకునేదాకా లేవలేదు. నిలబడినప్పుడు వస్తే నిలబడే, పడుకున్నప్పుడు వస్తే పడుకునే దాన్ని చూశాడు. ఈ ఘట్టంలో మంత్రం లేదు, మహిమ లేదు. భయం వచ్చినప్పుడు ఉన్న భంగిమ మార్చకపోవడం, అంతే.

నేను ఈ సుత్తం చదివిన చాలా ఏళ్లకు గాని ఇది నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చేసింది పుస్తకం కాదు, మా అమ్మ. అమ్మకు బయాప్సీ చేశారు. ఫలితానికి పది రోజులు ఆగమన్నారు. ఆ పది రోజులూ నేను ఇంట్లో ఒక చోట నిలవలేదు. ఫోను తీసేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి. తెలిసిన డాక్టర్లందరికీ ఫోన్లు చేశాను. దేవుడికి మొక్కులు మొక్కాను. మంచి ఫలితం వచ్చినట్టు ఊహించుకుని ఒక పూట తేలికపడేవాణ్ణి, మరో పూట దానికి రెండింతలు కుంగిపోయేవాణ్ణి. అమ్మ మాత్రం వంటింటి గడప దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను ఉండబట్టలేక అడిగాను, "అమ్మా, నీకు భయం లేదా?" అని. అమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "ఎందుకు లేదురా, ఉంది. ఉంటే ఉండనీ. బియ్యం ఏరాలిగా."

అమ్మకు పాలి రాదు. భయభేరవ సుత్తం పేరు వినలేదు. కానీ ఆ రాత్రుల్లో అడవిలో జరిగిందీ, మా వంటింటి గడప దగ్గర జరిగిందీ ఒకటే. భయం ఉంది. చేతిలో పని ఉంది. భయం వచ్చిందని పని ఆగలేదు, పని ఉందని భయాన్ని లేదనీ అనలేదు.

పదో రోజు వచ్చిన కాగితంలో మేం కోరుకున్న మాట లేదు. వైద్యం జరిగింది. అమ్మ ఇంకో రెండేళ్లు మాతో ఉంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ధ్యానం చేస్తే ఫలితాలు మారిపోతాయని మీకు ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. కాగితంలో ఏముందో అదే ఉంటుంది. ఆ పది రోజులు ఎలా గడిచాయన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది. నేను వాటిని పోగొట్టుకున్నాను. అమ్మ ఆ పది రోజులూ బతికింది.

ఇప్పుడు ఆ రాతి దగ్గరికి. రేడియోలో నేను మీకు బొమ్మ చూపించలేను. మాటలతో చెబుతాను, మీరు మనసులో గీసుకోండి. నిజానికి బౌద్ధ సాధకులు చేసేదీ ఇదే. ముందు వింటారు, తర్వాత మనసులో కట్టుకుంటారు.

అమరావతి మహాస్తూపానికి చుట్టూ రాతి ప్రాకారం ఉండేది. దాన్ని వేదిక అంటారు. ఆ రాయిని చాలామంది పాలరాయి అంటారు కానీ అది మన పల్నాటి సున్నపురాయే. లేత రంగులో, ఉలికి చక్కగా లొంగే రాయి. సుమారు రెండో శతాబ్దంలో ఆ వేదిక మీద చెక్కిన గుండ్రటి ఫలకాల్లో ఒకటి ఇవాళ చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాని కథ రాజగృహ నగరానిది. బుద్ధుడి మీద పగబట్టిన దేవదత్తుడు ఆయన్ని చంపించాలని నాళాగిరి అనే మదపుటేనుగును వీధిలోకి వదిలించాడు. ఆ కథ.

ఫలకంలో ఎడమ వైపు చూడండి. ఏనుగు వీధిలో పడింది. ఒక మనిషిని తొండంతో చుట్టి లాగుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. ఒక స్త్రీ భయంతో పక్కనున్న మగవాణ్ణి కరుచుకుపోయింది. పై అంతస్తుల గవాక్షాల్లోంచి తలలు బయటికి వచ్చి కిందికి చూస్తున్నాయి. ఎవరి శరీరమూ నిటారుగా లేదు. అన్నీ వంగి, మెలితిరిగి, ఏదో ఒక వైపుకు ఒరిగి ఉన్నాయి. రాతిలో గాలిదుమారం లేచినట్టు ఉంటుంది. ఇప్పుడు కుడి వైపు చూడండి. అక్కడ బుద్ధుడు నిలబడి ఉన్నాడు. వెనక భిక్షువులు. ఆయన పాదాల ముందు ఏనుగు మోకరిల్లింది.

మొదటిసారి చూసినవాళ్లు ఇందులో రెండు ఏనుగులున్నాయనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అవి రెండు కావు, ఏనుగు ఒక్కటే. ఒకే వృత్తంలో, మధ్య గీత గీయకుండా, శిల్పి ఒకే ఏనుగును రెండుసార్లు చెక్కాడు. జరిగిన కథను ముందూ వెనకా ఒకే చోట చూపించడం అమరావతి శిల్పులకు బాగా తెలిసిన పద్ధతి. కానీ ఈ ఫలకం దగ్గర ఆ పద్ధతే బోధ అయింది. మనుషుల్ని విసిరేసే బలమే మోకాళ్ల మీద వాలింది. కథలో బుద్ధుడు ఏనుగును కొట్టలేదు, కట్టలేదు, దానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకోలేదు. నిలబడి, దాని మీదికి మైత్రిని పంపాడని పాలి వినయపిటకం చెబుతుంది. ఆయన పాదధూళిని ఏనుగు తొండంతో తీసి తన తల మీద చల్లుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లిపోయిందట. ఏనుగు చావలేదు. మన గాభరా కూడా అంతే. దాన్ని చంపడానికి ప్రయత్నించినవాళ్లెవరూ నాకు తెలిసి గెలవలేదు. దాని ముందు కదలకుండా, కోపం లేకుండా నిలబడగలిగినవాళ్ల దగ్గర అది మోకరిల్లింది. మనకు కీడు తలపెట్టినట్టు కనిపించే ఆ బలమే, మన పిల్లల్ని కాచుకునే బలం కూడా. భయం మొత్తంగా పోతే ఆ ప్రేమ కూడా పోతుంది.

ఫలకం నుంచి చూపు తిప్పుకోకముందు గవాక్షాల్లోని తలల్ని మరొక్కసారి చూడండి. వాళ్లు పారిపోవడం లేదు, ఎదుర్కోవడమూ లేదు. చూస్తున్నారు. శిల్పి మనల్ని అక్కడ కూర్చోబెట్టాడనిపిస్తుంది. ధ్యానం మొదలయ్యేదీ ఆ కిటికీలోంచే. మన వీధిలో మన ఏనుగు తిరుగుతుంటే ముందు ఆ కాస్త ఎత్తు నుంచి చూడటం నేర్చుకోవాలి.

భయం సంగతి ఇలా ఉంటే, ఆశ సంగతేమిటి? దాన్ని ఏనుగుగా ఎవరూ చెక్కరు కదా, అది అందంగా ఉంటుంది. దానికి ఇంకో రాయి ఉంది. మన కృష్ణా తీరపు శిల్పమే, ఇప్పుడు ప్యారిస్‌లో గిమే మ్యూజియంలో ఉంది. బోధివృక్షం కింద ఆసనం. ఆసనం మీద ఎవరూ లేరు. ఆ కాలపు శిల్పులు చాలాచోట్ల బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా ఖాళీ ఆసనంతో, పాదముద్రలతో, ధర్మచక్రంతో సూచించారు. ఆ ఖాళీ ఆసనం చుట్టూ, బుద్ధుడి సాధనను చెదరగొట్టడానికి వచ్చిన మారుడి సేన. వికృతమైన ముఖాలతో భూతాలు. వాళ్ల మధ్యే మారుడి కూతుళ్లు. భయపెట్టేవాళ్లూ మురిపించేవాళ్లూ ఒకే గుంపుగా వచ్చారు. ఎందుకంటే వాళ్లను పంపినవాడు ఒక్కడే.

సుత్తనిపాతంలో 'పధాన సుత్తం' ఈ సేనలకు పేర్లు పెట్టింది. కామం మొదటిది. తర్వాత అరతి, అంటే దేని మీదా మనసు నిలవకపోవడం. ఆకలిదప్పులు, తృష్ణ, బద్ధకం. ఆరోది భయం. ఏడోది సంశయం. ఆ వరసలోనే ఇంకాస్త ముందుకు వెళితే లాభం, కీర్తి, సత్కారం కూడా ఉన్నాయి. మనం దండలు వేసి ఆహ్వానించేవాటిని మారుడి సైన్యంలో నిలబెట్టింది ఆ సుత్తం. అంతకన్నా నన్ను ఆపేసిన సంగతి మరొకటి. నేరంజరా నది ఒడ్డున సాధనలో ఉన్న బుద్ధుడి దగ్గరికి మారుడు వచ్చీ రాగానే బెదిరించడు. జాలిగా మాట్లాడతాడు. చిక్కిపోయావు, పాలిపోయావు, చావు దగ్గరలో ఉంది, బతికుంటేనే కదా పుణ్యం చేసుకునేది అంటాడు. మన గాభరా మాట్లాడే తీరు ఇదే. అది శత్రువు గొంతుతో రాదు. 'నీ మంచి కోసమే చెబుతున్నాను, ఇంకొక్కసారి ఫోను చూసుకో, ఇంకొక్కరిని అడుగు, రాత్రంతా ఆలోచించు' అని ఇంటి పెద్ద గొంతుతో వస్తుంది.

ఆ శిల్పంలో ఆసనం ఎందుకు ఖాళీగా ఉందన్నదానికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు. దాన్ని చూసినప్పుడు నాకు తోచింది చెబుతాను. ఇంత సైన్యం ఎవరి మీదికి దూకుతోంది? దూకడానికి అక్కడ ఎవరూ లేరు. 'నాకేమవుతుందో' అనే ఆ 'నేను' కాసేపు పక్కకు జరిగితే బాణాలు పడటానికి చోటుండదు. ఆ ఆసనం మీద ఎవరి పేరూ లేదు. చూస్తున్నవాళ్లు మనసులో వెళ్లి అక్కడ కూర్చోవచ్చు.

భయాన్ని బొమ్మగా చేసి ఎదురుగా పెట్టుకునే ఈ ఆలోచన కాలంతో పాటు కొత్త రూపాలు తొడుక్కుంది. ఔరంగాబాద్ గుహల్లో ఏడో గుహ వాకిట్లో కరుణామూర్తి అయిన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడు నిలబడి ఉన్నాడు. ఆయనకు రెండు వైపులా చిన్న చిన్న ఘట్టాలు. నిప్పు, దొంగలు, సంకెళ్లు, ఓడ మునక, సింహం, పాము, ఏనుగు, మృత్యువు. ఆనాటి బాటసారుల, వర్తకుల అసలు భయాలవి. కొండల మధ్య సరుకు మోసుకుపోయేవాళ్లు ఆ వాకిట్లో ఆగి తమ భయాన్ని రాతి మీద చూసుకున్నారు. పేరు పెట్టి, బొమ్మ గీసి, కరుణామూర్తి పక్కన నిలబెట్టిన భయం దారిలో ఎదురయ్యే భయంలా ఉండదు.

టిబెట్‌కు వెళ్లేసరికి ఆ ఎనిమిది భయాల నుంచి కాపాడే తల్లి తార అయింది. మొదటి దలైలామా తార మీద రాసిన స్తోత్రంలో ఆ ఎనిమిదీ లోపలికి తిరిగాయి. సింహం గర్వమయింది. ఏనుగు మోహం, నిప్పు క్రోధం, పాము అసూయ. దొంగలు తప్పుడు భావనలు, సంకెళ్లు లోభం, వరద తృష్ణ, పిశాచం సంశయం. అడవి మారలేదు. అది మనలోనే ఉందని తెలిసింది. శ్యామతార పటాన్ని ఎక్కడైనా చూస్తే ఆమె కాళ్లను గమనించండి. ఎడమకాలు ధ్యానంలో మడిచి ఉంటుంది. కుడికాలు కిందికి చాచి, లేవడానికి సిద్ధంగా ఉంటుంది. కుడిచెయ్యి వరమిస్తోంది. ఎడమచేతిలో నల్లకలువ. నెమ్మదీ, కదలడానికి సిద్ధంగా ఉండటమూ ఒకే ఒంట్లో ఉన్నాయి. నిశ్చింతగా ఉండటమంటే ఏమీ చెయ్యకుండా కూర్చోవడమని అనుకునేవాళ్లకు ఆ కాలు జవాబు చెబుతుంది.

ఇలాంటి పటాన్ని థంగ్కా అంటారు. నూలుగుడ్డకు జిగురూ సుద్దా పట్టించి, నున్నగా రుద్ది, కొలతల గీతలు గీసి, రాళ్లు నూరి తీసిన రంగులతో వేస్తారు. కళ్లు చిట్టచివర తెరుస్తారు. మన శిల్పులు దేవతామూర్తికి నేత్రోన్మీలనం చేసినట్టే. సాధకుడు ఆ పటం ముందు కూర్చుని నగలూ చేతులూ రంగులూ ఒక్కొక్కటే చూస్తాడు. కళ్లు మూసుకుని ఆ తార రూపాన్ని మనసులో నిలుపుతాడు. ఆ కరుణ తనదే అన్నట్టు కాసేపు ఉంటాడు. చివర ఆ రూపాన్నంతా వెలుగులోకి కరిగించి, ఆ వెలుగునూ వదిలేస్తాడు. సాధనలో అసలు పట్టు ఈ చివరి మెట్టులో ఉంది. ఎంతో ఇష్టంగా కట్టుకున్న రూపాన్ని తనంతట తానే కరగనివ్వడం రోజూ అలవాటు చేసుకున్న మనసు, మనసులో కట్టుకున్న విపత్తునీ అలాగే కరగనివ్వగలదు. ఎందుకంటే రేపటి గురించి మనం పడే గాభరా కూడా మనం గీసుకున్న బొమ్మే. అందులో రంగులన్నీ మనవే.

కట్టినదాన్ని వదిలేయడం మన గడ్డా చూసింది. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. ఆ ధాన్యకటకమే మన ధరణికోట, అమరావతి. కాలచక్ర దీక్షకు ఇసుక మండలం పోస్తారు. సన్నటి లోహపు గొట్టాల్లో రంగు ఇసుక నింపి, గొట్టం మీది గాట్లను మరో గొట్టంతో గీరుతూ, రేణువు రేణువుగా రాలుస్తారు. కాలచక్ర మండలంలో 722 మంది దేవతలకు చోటుంటుంది. భిక్షువులు నడుములు వంచి రోజుల తరబడి పోసిన దాన్ని దీక్ష ముగిశాక ఊడ్చేస్తారు. పాత్రలోకి ఎత్తి నీళ్లలో కలిపేస్తారు.

తెలుగింటి ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. ధనుర్మాసంలో చీకటితో లేచి, చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, గుమ్మడిపువ్వు నిలిపిన ముగ్గు మధ్యాహ్నానికి సైకిళ్ల కింద, చెప్పుల కింద చెరిగిపోతుంది. చెరిగిపోతుందని తెలిసినా ఎవరూ చుక్క తప్పు పెట్టరు. ఈ అలవాటులో ఆశకు మందుంది. బౌద్ధం మనల్ని ఏదీ కోరవద్దనలేదు. సకల జీవుల మేలు కోసం బోధిసత్వుడు చేసుకునే సంకల్పాన్ని 'ప్రణిధానం' అంటారు. అది ఎంతో పెద్ద కోరిక. కానీ ఆశకీ ప్రణిధానానికీ తేడా ఉంది. ఆశ ఫలితం వైపు చూస్తూ కూర్చుంటుంది, రాకపోతే విరిగిపోతుంది. ప్రణిధానం చెయ్యి వైపు చూస్తుంది, ఇవాళ పెట్టాల్సిన చుక్క పెడుతుంది. పిల్లకు సీటు రావాలనుకోవడం ఆశ. పిల్లకు సీటు వచ్చినా రాకపోయినా ఆమె పక్కన నిలబడతాననుకోవడం ప్రణిధానం. రెండోదాన్ని ఏ ఫలితమూ మన దగ్గర్నుంచి లాక్కోలేదు.

ఇక ఈ రాత్రికి మీరు చేసి చూడగలిగినది చెబుతాను. నేను రోజూ చేసుకునేదే. ఒక బొమ్మ ఎంచుకోండి. అమరావతి ఫలకం ఫొటో కావచ్చు, తార కావచ్చు, మీ దేవుడి గదిలో అభయహస్తం ఎత్తిన ఏ మూర్తయినా కావచ్చు. మూడు నాలుగు నిమిషాలు కళ్లతో దాని మీద నడవండి. తర్వాత కళ్లు మూసుకుని ఊపిరిని గమనించండి. 'ఆనాపానసతి సుత్తం' పదహారు మెట్లు చెబుతుంది, మనకు మొదటి రెండూ చాలు. పొడుగు ఊపిరి తీసుకుంటే పొడుగు ఊపిరి అని తెలుసుకోవడం, పొట్టి ఊపిరి అయితే పొట్టి ఊపిరి అని తెలుసుకోవడం. గాభరాలో ఊపిరి పొట్టిదవుతుంది. దాన్ని సాగదీయమని ఆ మెట్టు చెప్పలేదు. తెలుసుకోమంది.

అప్పుడు ఏనుగు వస్తుంది. రేపటి ఇంటర్వ్యూ, ఎల్లుండి కట్టాల్సిన వాయిదా, ఫోనెత్తని కొడుకు. వచ్చినదానికి నెమ్మదిగా పేరు పెట్టండి. ఇది నష్టభయం, ఇది కీర్తి మీద ఆశ అని నాగార్జునుడి ఎనిమిది అరల్లో దాని అర ఏదో చూడండి. మారుణ్ణి బుద్ధుడు గుర్తుపట్టగానే మారుడు ముఖం వేలాడేసుకుని మాయమయ్యేవాడని పాలి కథల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. గుర్తుపట్టడమే సగం పని. మిగతా సగం, అది ఉన్నంతసేపూ భంగిమ మార్చకపోవడం. ఫోను అందుకోకండి, లేవకండి. దాని మీదికి కాస్త మైత్రిని పంపండి. మీలాగే ఈ రాత్రి నిద్రపట్టని వాళ్లందరికీ పంపండి. చివరగా ఆ బొమ్మను, ఆ భయాన్ని, అన్నిటినీ ఒకే వెలుగులో కరగనిచ్చి కళ్లు తెరవండి. పదిహేను నిమిషాలు చాలు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా అది ఒక్కళ్లే కూర్చుని భరించాల్సిన సంగతి కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబరు 14416 కు ఫోను చేస్తే రాత్రయినా పగలయినా పలుకుతారు. సాయం అడగడానికి లేవడం తార చాచిన కుడికాలు లాంటిది. అదీ ధ్యానంలో భాగమే.

అమ్మ పోయాక ఆ చేట నేను దాచుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు బియ్యం ఏరాల్సిన పని లేదు, శుభ్రం చేసిన సంచులే వస్తున్నాయి. ధ్యానానికి కూర్చునే చోట గోడకు అమరావతి ఫలకం ఫొటో ఉంది, దాని కింద ఆ చేట ఆనించి ఉంటుంది. మా అబ్బాయి వేరే దేశంలో ఉన్నాడు. ఇప్పటికీ రాత్రిపూట ఫోను మోగితే నా గుండె ముందులాగే దడదడలాడుతుంది. ఆ దడ పోలేదు, పోతుందని నేనిప్పుడు అనుకోవడమూ లేదు. ఒక ఊపిరి తీసుకుంటాను. అది పొట్టి ఊపిరి అని తెలుసుకుంటాను. అప్పుడు ఫోను ఎత్తుతాను.